బండగడ్డ గీసిన పట్నం

నీలోజిపేట మునిసిపాలిటీ ఆఫీసు వరండాలో మాస్టర్ ప్లాన్ ముసాయిదా పటం వేలాడదీసి అప్పటికే రెండు వారాలు దాటింది. దాని పక్కనే నల్లా బిల్లులు కట్టే కిటికీ. బిల్లు కట్టడానికి వచ్చినవాళ్లు ఆ పటానికే వీపు ఆనించి నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్లు. రాబోయే ఇరవై ఏళ్లలో పట్నం ఎటు పెరగాలి, ఏ రోడ్డు ఎక్కడ పడాలి, ఎక్కడ ఇళ్లు, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ పార్కులు, అన్నీ అందులో ఉన్నాయి. ఉన్నాయన్న సంగతే ఎవరికీ పట్టలేదు.

దెబోరా టీచరు ఇంటి పన్ను రశీదులో తప్పుపడిన పేరు సరిచేయించుకుందామని అక్కడికి వెళ్లింది. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. గోడ మీద పటం కనిపిస్తే చూడకుండా దాటిపోవడం ఆమెకు చేతకాదు. అద్దాలు పెట్టుకుంది. అలవాటు కొద్దీ ముందు ఉత్తర దిక్కు వెతుక్కుంది, తర్వాత కొలత చూసుకుంది. వాగు దొరికింది. కరీంనగర్ రోడ్డు, జగిత్యాల రోడ్డు దొరికాయి. తను పనిచేసిన హైస్కూలు కూడా దొరికింది. అక్కడి నుంచి వేలితో తన ఇంటికి నడిచింది.

ఇల్లు లేదు. ఇల్లే కాదు, వాడకు వాడే లేదు. బండగడ్డ ఉండవలసిన చోట తెల్లటి ఖాళీ జాగా, దాని మధ్య నుంచి మందపాటి ఎర్రగీత. గీత అర్థమేమిటా అని పటం మూల చూసింది. వంద అడుగుల కొత్త రోడ్డు.

బండగడ్డ పట్నానికి ఉత్తరాన రాళ్ల మిట్ట. మెథడిస్టు సంఘపు కుటుంబాలు తాతల నాటి నుంచీ అక్కడే ఉన్నాయి. కూలికి పోయేవాళ్లు, రైసుమిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎక్కువ. నర్సులు, టీచర్లు కొందరు. మిట్టకు పట్నం వైపు కొసన చర్చి, దాని చుట్టూ రాతి ప్రహరీ. ప్రహరీకి అవతల దయాకర్‌రావు మామిడితోట. ఇన్ని ఇళ్లు, ఇంతమంది మనుషులు ఉన్నచోటు కాగితం మీద ఖాళీ ఎట్లా అయిందో దెబోరాకు అర్థం కాలేదు. రశీదు సంగతి మరిచిపోయి, నేరుగా పక్క గదిలో ఉన్న ప్లానింగ్ ఆఫీసరు దగ్గరికి వెళ్లింది.

ఆ ఆఫీసరు పేరు రచన. కరీంనగర్ అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది. దెబోరా కొట్లాటకు సిద్ధపడే లోపలికి వెళ్లింది కాని, అవతలి మనిషి కొట్లాడే రకం కాదు. చెప్పిందంతా విని, కంప్యూటర్ తెరిచి, పాత సర్వే చూసుకుని, ఒప్పుకుంది. ముసాయిదా తయారుచేసినవాళ్లు పాత రికార్డు మీద ఆధారపడ్డారు. అందులో ఆ మిట్ట సర్కారు బంజరుగా ఉంది. తర్వాత ఎవరూ వచ్చి చూడలేదు. అభ్యంతరాలు చెప్పమని పేపర్లో ప్రకటన వేయించామని, ప్లాట్లు అమ్మేవాళ్లు తప్ప ఇంకెవరూ రాలేదని కూడా చెప్పింది.

"మేడం, ఇది ముసాయిదా. ఇప్పుడైతే మార్చొచ్చు. ఖాయమైనంక నాతోని కూడ కాదు. కాని ఒక్క మాట. రోడ్డే వద్దంటె మీ మాట నిలవది. ఇక్కడ కాకపోతె ఎక్కడ, అది మీరే చెప్పాలె."

ఆ మాట దెబోరాను ఇంటిదాకా వెంటాడింది. రోడ్డు వద్దని ఆమె కూడా అనలేదు. కోతల కాలం వస్తే వడ్ల లారీలన్నీ బజారు నడుమ నుంచే పోతాయి. కిందటి యాసంగిలో బడి వదిలిన వేళ బండగడ్డ పిల్ల స్తుతి లారీ కింద కాలు పోగొట్టుకుంది. దెబోరా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే ఆ పిల్ల ఇప్పుడు చంకకర్రతో నడుస్తున్నది. ఆ పిల్ల తల్లి ముందు నిలబడి పట్నానికి బయటి రోడ్డు అక్కరలేదని ఎవరు అనగలరు?

సాయంత్రానికి కబురు వాడంతా పాకింది. కొందరు ఎమ్మెల్యే దగ్గరికి పోదామన్నారు. కొందరు బైఠాయిద్దామన్నారు. సంఘపెద్ద యెషయా రెండెకరాల రైతు, మాట తక్కువ మనిషి. మన ఇళ్ల మీద ఎవరు చెయ్యి వేస్తారో చూద్దామని, అప్పటిదాకా ఫికర్ చేయొద్దని అన్నాడు. బీడీలు చుట్టే ఐలవ్వ మాత్రం ఒకే ఒక ప్రశ్న వేసింది.

"టీచరమ్మా, అందరు పటం పటం అనవడితిరి. గా పటంల ఏమున్నదో మాకెట్ల తెలువాలె? మేం సదువుకున్నోళ్లమా?"

దెబోరా ఆమె వైపు చూసింది. ఐలవ్వ ముగ్గు వేస్తే పక్క వాడల నుంచి వచ్చి చూసిపోతారు. చేటెడు పిండితో వాకిలి నిండేట్టు, కొలతబద్ద లేకుండా, ఒక్క గీత తప్పుపోకుండా వేస్తుంది. దెబోరాకు తన తరగతి గది గుర్తొచ్చింది. పుస్తకంలోని చిన్న పటాన్ని నల్లబల్ల మీదికి ఎక్కించడానికి పిల్లలతో గడులు గీయించేది. ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి. అదే పని నేల మీద ఎందుకు చేయకూడదు?

ఆదివారం ఆరాధన అయ్యాక హైస్కూలు మైదానంలో పని మొదలైంది. దెబోరా తాళ్లు కట్టించి నేలను గడులుగా విడగొట్టింది. ఐలవ్వ, ఆమె వెంట చర్చి ఆడవాళ్లు, పక్క వాడ ఆడవాళ్లు కొంగులు బిగించి వంగారు. రచన దగ్గర తెచ్చుకున్న పటం నకలు చూసి, ఏ గడిలో ఏముందో దెబోరా చదివి చెబుతుంటే వాళ్లు ముగ్గుతో దించుతూ పోయారు. వాగు మెలికలు తిరిగింది. రెండు పెద్ద రోడ్లు వచ్చాయి. బజారు, బస్టాండు, గుడి, మసీదు, మిల్లులు వచ్చాయి. బండగడ్డ దగ్గరికి వచ్చేసరికి దెబోరా ఆగింది. కాగితంలో అక్కడ చదవడానికి ఏమీ లేదు. ఐలవ్వ ఆమె చెప్పేదాకా చూడలేదు. తన ఇంటితో మొదలుపెట్టి, పక్కిల్లు, ఆ పక్కిల్లు, వాడ మొత్తం గీసుకుంటూ పోయింది. ప్రతి ఇంటికీ ఒక ముగ్గుచుక్క. చుట్టూ ఉన్నవాళ్లు పేర్లు అందిస్తూ ఉన్నారు. చివరి చుక్క పెట్టాక ఎవరో చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి సగం పట్నం మైదానంలోనే ఉంది. ముసలివాళ్లు తమ ఇంటి దగ్గర మొదలుపెట్టి బస్టాండు దాకా పటం మీద నడిచి చూసుకున్నారు. వానొస్తే నీళ్లు ఏ సందులోకి వస్తాయన్న దాని మీద ఇద్దరు అన్నదమ్ములు గట్టిగానే వాదించుకున్నారు. రచన వచ్చింది. ముగ్గు చెరిగిపోకుండా చెప్పులు చేతిలో పట్టుకుని, ఒట్టి కాళ్లతో పట్నమంతా తిరిగింది. ఎవరేం చెప్పినా వింటూ, రాసుకుంటూ ఉంది. మునిసిపాలిటీ ఆఫీసరును అంత దగ్గరగా చూడడం చాలామందికి అదే మొదటిసారి. కాసేపు బిడియపడ్డారు, తర్వాత చెయ్యి పట్టుకుని మరీ తమ వీధిలోకి లాక్కుపోయారు.

ఇక కొత్త రోడ్డు. దాని కోసం ఐలవ్వ గడపలకు పూసే ఎర్రజాజు తెచ్చింది. ముందు వాగు ఒడ్డు వెంట గీసి చూశారు. వరదొస్తే మునుగుతుందని అందరూ ఒకేసారి అన్నారు, చెరిపేశారు. తర్వాత స్కూలు వెనక నుంచి గీశారు. లారీల నుంచి పిల్లలను కాపాడడానికి వేసే రోడ్డు పిల్లల బడి పక్కకే తెస్తామా అని స్తుతి తల్లి అడిగింది. అదీ చెరిపేశారు. మూడోసారి బండగడ్డకు ఇవతల నుంచి, చర్చి వెనకగా, మామిడితోట అంచు మీదుగా గీత పోయి జగిత్యాల రోడ్డుకు కలిసింది. ఒక్క ఇల్లు పోలేదు. వాగు జోలికి పోలేదు. రచన గీత పక్కన నిలబడి, ఇది పనికొచ్చేట్టే ఉందని మెల్లగా అంది.

అంతలో చూస్తే, పటం అంచున దయాకర్‌రావు నిలబడి ఉన్నాడు.

రావుకు రైసుమిల్లు ఉంది, పొలాలున్నాయి, ఆ మామిడితోట ఉంది. వాళ్ల నాన్న కాలంలో అయితే ఈ వాడవాళ్లు ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్లు కారు. ఇప్పుడు అంత లేదు గాని, ఆయన వచ్చాడంటే గొంతులు వాటంతటవే తగ్గుతాయి. మైదానంలో ఏదో సభ జరుగుతోందని విని కారు దిగి వచ్చినట్టున్నాడు. తన తోట మీద ముగ్గుతో వేసిన ఆకులను, వాటి మీదుగా పోయిన ఎర్రగీతను చాలాసేపు చూశాడు. కోపం తెచ్చుకోలేదు.

"బాగనే గీసిండ్రు టీచరమ్మా. ఒక్కటి అడుగుత. గీ గీత సక్కగ వచ్చుకుంట వచ్చుకుంట చర్చి గోడ కాడ ఎందుకు వంకర తిరిగింది? నా చెట్లు జరుగుతయి గని, మీ గోడ జరగదా?"

అందరూ గీత వైపు చూశారు. నిజమే. తిన్నగా వచ్చిన జాజు గీత ప్రహరీ దగ్గర కడుపులా ఉబ్బి, తోటలోకి చొచ్చుకుపోయి, మళ్లీ తిన్నగా అయింది. ఎవరూ కావాలని గీసింది కాదు. చేతులు అటు తిరిగిపోయాయి. దెబోరా ఆ వంపును కళ్లతోనే ఒకసారి కొలుచుకుంది. ఆలోచించి చెబుతామంది. రావు తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆమె పటం నకలు మళ్లీ ముందు పెట్టుకుంది. తమను లేనివాళ్లుగా గీశారని పోయి అడిగింది తనే. అడిగి, అవతలివాడి తోటను ఖాళీ జాగా లెక్క చూసిందీ తామే. రావు మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించింది. కుదరలేదు.

బుధవారం ప్రార్థన తర్వాత సంఘం కూర్చుంది. దెబోరా ఏ డొంకతిరుగుడూ లేకుండా సంగతి ముందు పెట్టింది. రోడ్డు తిన్నగా పోవాలంటే తోటలో కొంత, చర్చి జాగాలో కొంత పోవాలి. వెనక ప్రహరీ తీసి లోపలికి జరపాలి. సమాధుల తోటకు ఏమీ కాదు, చర్చికి ఏమీ కాదు. గోడ, గోడ పక్క వేపచెట్లు పోతాయి.

యెషయా లేచి నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ కూర్చునే మాట్లాడుతాడు కనుక, అది చూసే అందరూ సర్దుకున్నారు.

"దెబోరక్కా, గా గోడ ఎట్ల లేచిందో నీకు తెల్వదా? మన తాతలను ఊళ్లె ఎవ్వరు గడప తొక్కనియ్యని దినాలు గవి. పొద్దంత కూలి చేసి, పొద్దు గూకినంక గుట్టకు పోయి ఒక్కొక్క రాయి నెత్తిన మోసుకచ్చిండ్రు. ఇది మాది అని చెప్పుకునుటానికి వాళ్లకు దొరికింది గా ఒక్క జాగనే. దాన్ని నేను చేతులార ఇయ్యాల్నా?"

దెబోరాకు ఆ రాళ్లు మోసిన వాళ్లలో తన తాత కూడా ఉన్నాడని తెలుసు. చిన్నప్పుడు బాపు ఆమెను భుజాన ఎక్కించుకుని, ఇదిగో ఈ వరుస మీ తాత పేర్చింది అని చూపించేవాడు. జవాబు ముందుగా తయారుచేసుకుని రాలేదు. నోటికి వచ్చింది చెప్పింది.

"తమ్మీ, ఇన్నేండ్లల్ల మనల్ని ఎవరన్న ఏమన్న అడిగిండ్రా? అడగకుండ తీసుకున్నరు, లేకుంటె లేనోళ్ల లెక్క పక్కకు పెట్టిండ్రు. పటం గీసినోళ్లు సుత గట్లనే చేసిండ్రు. గీ దినం ఒక మనిషి అందరి ముంగట నిలవడి, మీరేమిస్తరు అని అడిగిండు. ఇచ్చేటంత ఉన్నోళ్లమని అనుకుంటెనే అడుగుతరు. మన తాతలు గా గోడ కట్టింది గా మాట ఇనవడాల్ననే అని నేననుకుంటున్న."

యెషయా కండువా భుజాన వేసుకున్నాడు. అవునని గాని కాదని గాని అనకుండా వెళ్లిపోయాడు. సంఘం ఏ నిర్ణయమూ లేకుండానే లేచింది. అంతా చెడగొట్టుకున్నానేమో అనుకుంటూ దెబోరా ఇంటికి వచ్చింది.

మరునాడు పొద్దున్నే పాలకు పోతూ చూస్తే యెషయా చర్చి వెనక ఒక్కడే ఉన్నాడు. లోపలి వైపు మేకులు పాతి, తాడు లాగి కడుతున్నాడు. కొత్త గోడ ఎక్కడ లేవాలో గుర్తు పెట్టుకుంటున్నాడు. దెబోరాను చూసి, ఈ తాడు అవతలి కొస జర పట్టుకొమ్మన్నాడు. పాలగిన్నె పక్కన పెట్టి ఆమె పట్టుకుంది. ఆ వారంలోనే ఆయన పాస్టరయ్యను వెంటబెట్టుకుని కరీంనగర్ పోయి, సంఘం ఆస్తుల పెద్దలను ఒప్పించి వచ్చాడు.

బహిరంగ విచారణ ఫంక్షన్ హాల్లో పెట్టారు. మామూలుగా అయితే ఆఫీసులోని చిన్న గది సరిపోయేదట. ఆ రోజు కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. కమిషనరు, ముసాయిదా తయారుచేసిన కన్సల్టెంట్లు వేదిక మీద ఉన్నారు. పక్కన తెర మీద రచన రెండు పటాలు చూపించింది. ఒకటి పాతది. రెండోది మైదానం పటం. ముగ్గుతో వేసినదాన్ని స్కూలు మేడ మీద నుంచి ఫొటో తీయించి, కొలతలకు తెచ్చింది. తెర మీద తన చేతి గీతలు చూసి ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్సల్టెంట్లలో పెద్దాయన తమ పటంలో బండగడ్డ లేకపోవడం తప్పేనని అందరి ముందూ అన్నాడు. ఆ మాటకు హాలంతా ఒక్కసారి నిట్టూర్చినట్టు అయింది.

బండగడ్డ తరఫున మాట్లాడమంటే దెబోరా లేవబోయింది. యెషయా ఆమెను కూర్చోమని తనే మైకు దగ్గరికి నడిచాడు. చర్చి వెనక గోడ, దాని లోపలి జాగా కొత్త రోడ్డుకు ఇస్తున్నామని చెప్పాడు. రోడ్డు తిన్నగా పోనియ్యమని, తోటలోకి వంకర తిప్పొద్దని చెప్పాడు. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. దెబోరా ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది.

తర్వాత దయాకర్‌రావు లేచాడు. మైకు అక్కరలేదన్నాడు.

"నేను కొట్లాడదామనే వచ్చిన. వకీలుతోని మాట్లాడుకోని సుత వచ్చిన. ఇగ ఏం కొట్లాడాలె? నా తోటల అంచు వరుస నేనిస్త. బాయి మాత్రం ఉండాలె, అది మా అవ్వ తవ్విపిచ్చింది. రోడ్డు పక్కకు వస్తె నా మిల్లుకు లాభమే, దాచుడెందుకు. కాని లాభం కొరకు లేస్తలేను. యెషయా ఇచ్చినంక నేను కూసుంటె మంచిగుండది."

జనం నవ్వారు. ఆ నవ్వులో ఆయన కూడా కలిశాడు. తర్వాత హాల్లో మాటలు ఆగలేదు. లారీలు బజారులోకి రాకుండా పగటిపూట ఆపాలని ఒకరు, వాగు ఒడ్డున ఇళ్లకు అనుమతి ఇవ్వొద్దని ఒకరు, ఆడవాళ్లకు బస్టాండు దగ్గర మరుగుదొడ్లు పెట్టాలని ఒకరు లేచారు. స్తుతి చంకకర్ర ఊతంతో లేచి, కొత్త రోడ్డు దాటడానికి బడి పిల్లలకు దారి ఎక్కడ పెడతారని అడిగింది. కమిషనరు జవాబు చెప్పేలోపు రచన పటం మీద చోటు చూపించి, ఇక్కడైతే నీకు సరిపోతుందా అని ఆ పిల్లనే అడిగింది. ఇంకొంచెం ఇటు అంది స్తుతి. గుర్తు ఇంకొంచెం ఇటు జరిగింది.

అనుకున్నవన్నీ జరగలేదు. ఫైలు హైదరాబాదు పోయి ఏడాదికి పైగా అక్కడే ఉంది. మధ్యలో ఎవరో ప్లాట్లవాళ్లు పాత రోడ్డే కావాలని ఫైలును వెనక్కి తిప్పించారన్నారు. రెండుసార్లు రచన, ఒకసారి దెబోరా, యెషయా, రావు ముగ్గురూ ఒకే కారులో వెళ్లి వచ్చారు. ఆ ప్రయాణంలో మామిడి కాపు గురించి మగవాళ్లిద్దరూ ఎంత మాట్లాడుకున్నారంటే, వెనక కూర్చున్న దెబోరాకు నిద్ర పట్టింది. మరుగుదొడ్ల మాట ప్లానులో చేరలేదు. దాని కోసం ఐలవ్వ ఇంకా ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉంది. కాని మంజూరైన పటంలో రోడ్డు తిన్నగా ఉంది. బండగడ్డ, పటాల్లో ఇళ్ల జాగాలకు వేసే పసుపురంగులో ఉంది, పేరుతో సహా. ఈలోగా పక్క వార్డుల ఆడవాళ్లు తమ కాలువలు, చెత్తకుండీలు ఎక్కడ ఉండాలో ముగ్గులో గీసి రచనను పిలుచుకుపోవడం మొదలుపెట్టారు. మెట్‌పల్లి నుంచి కొందరు వచ్చి ఎట్లా చేశారో అడిగి పోయారు. దెబోరా వాళ్లకు గడులు గీయడం నేర్పి పంపింది.

గోడ తీసే రోజు పొద్దున్నే జేసీబీ వచ్చింది. యెషయా దాన్ని రోడ్డు మీదనే ఆపించాడు. మళ్లీ మనసు మార్చుకున్నాడేమోనని రచన పరేషానైంది. అది కాదు. మిషన్‌తో పడగొట్టించం, మేమే తీస్తామన్నాడు ఆయన. సంఘమంతా వచ్చి ఉంది. ఒక కీర్తన పాడారు. యెషయా పైవరుస నుంచి మొదటి రాయి తీసి పక్కవాళ్ల చేతికి ఇచ్చాడు. చేతి నుంచి చేతికి రాళ్లు కదిలి, లోపల తాడు కట్టిన చోట కుప్పపడసాగాయి. అవతలి వైపు మామిడిచెట్లు కొడుతున్న రావు మనుషులు గొడ్డళ్లు పక్కన పెట్టి వచ్చి వరుసలో నిలబడ్డారు. రావు కూడా అంగీ చేతులు పైకి మడిచి ఐలవ్వ పక్కన నిలబడ్డాడు. రాయి అందిస్తూ ఆమె జర పైలం, కాలి మీద పడుతది అంటే, సరేనన్నాడు.

దెబోరా బాపు చూపించిన వరుస ఏదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. వచ్చిన ప్రతి రాయినీ అదే అన్నట్టు రెండు చేతులా అందుకుంది. నడుము నొప్పెడుతున్నా తన చోటు ఎవరికీ ఇవ్వలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గోడ లేదు. చర్చి వెనక నుంచి చూస్తే మొదటిసారిగా తోట, తోట అవతల మిల్లు, దాని వెనక పట్నమంతా కనిపించింది. యెషయా నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు అటు చూసి, కొత్త గోడకు ముగ్గుపోయడానికి ఐలవ్వను పిలిచాడు.